త్రోఫిమును మిలేతులో ఎందుకు వదిలిపెట్టారు?

నాన్నకు రెండు కిడ్నీలూ పాడయ్యాక వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించేవాళ్లం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆటోలో ఒంగోలు వెళ్లి, మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చేవాళ్లం. ఆ రోజుల్లో ఒక సాయంత్రం, ఉజ్జీవ కూటాలకని వేరే ఊరి నుంచి వచ్చిన బోధకుడొకరు మా ఇంటికి ప్రార్థనకు వచ్చారు. నాన్న తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించారు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "ఆయన పొందిన దెబ్బల చేత మనకు స్వస్థత అని వాక్యం చెబుతోందా లేదా? వాక్యానికి అధికారం ఉందని నమ్ముతున్నారా లేదా? నమ్మితే ఇంక ఆ మిషన్‌తో పనేంటి?" అన్నారు.

ఆయన వెళ్లిపోయాక ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఎల్లుండి పొద్దున్నే మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్తే విశ్వాసం లేనట్టు, వెళ్లకపోతే మనిషి దక్కడు. నాకు టెన్షన్‌తో కడుపులో తిప్పేసింది. నాన్న మాత్రం మంచం మీద లేచి కూర్చుని, "ఒరేయ్, బైబిలు తియ్యి. అయ్యగారు చెప్పిన వచనం ఎక్కడుందో చూసి, ఆ అధ్యాయం మొత్తం చదువు" అన్నాడు.

యెషయా 53 మొత్తం చదివాను. తర్వాత అదే మాటను యేసు శిష్యుడు పేతురు ఎలా వాడాడో చూడమన్నాడు. మొదటి పేతురు రెండో అధ్యాయం తీశాను. అక్కడ ఆ గాయాల మాటకు ముందే, మనం పాపం విషయంలో చనిపోయి నీతి విషయంలో బతకడానికి అని ఉంది. రోగం గొడవ అక్కడ లేదు. చివరికి నాన్న రెండో తిమోతి ఆఖరి అధ్యాయం తియ్యమన్నాడు. అపొస్తలుడైన పౌలు తన చివరి రోజుల్లో తిమోతికి రాయించిన ఉత్తరంలో, పలకరింపుల మధ్య, పెద్దగా ఎవరూ ఆగి చదవని ఒక వాక్యం: "త్రోఫిము రోగియైనందున అతనిని మిలేతులో విడిచివచ్చితిని."

"పౌలు ప్రార్థన చెయ్యలేదంటావా?" అని అమ్మను అడిగాడు నాన్న. "పౌలుకి విశ్వాసం లేదంటావా?"

త్రోఫిము ఎఫెసువాడు. ఆ ఎఫెసులోనే పౌలు ఒంటికి తగిలిన చేతిరుమాళ్లు తీసుకెళ్తే రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. మిలేతు అక్కడికి దగ్గరే. అంత జరిగిన చోటికి దగ్గర్లోనే, పౌలు తన సొంత సహచరుణ్ణి జబ్బుతో వదిలేసి రావాల్సి వచ్చింది. ఆ సంగతిని లేఖనం దాచలేదు. తిమోతికి తరచుగా వచ్చే జబ్బులనీ, అతని కడుపు బాగోకపోవడాన్నీ దాచలేదు. పౌలు జతపనివాడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లి రావడాన్నీ దాచలేదు.

ఎల్లుండి పొద్దున నాలుగింటికి మేం ఆటో ఎక్కాం. నాన్న ఆ తర్వాత ఇంకో పద్నాలుగు నెలలు బతికాడు.

ఆ రాత్రి నుంచి నాకు "వాక్యానికి అధికారం" అనే మాట వేరేగా వినిపించడం మొదలైంది. ఆ బోధకుడు ఆ మాట అన్నారు. నాన్న కూడా దాన్నే నమ్మాడు. కానీ ఇద్దరి చేతుల్లో అది రెండు వేర్వేరు సంగతులు. ఆయన చేతిలో ఒక్క వచనం ఉంది, దాన్ని ఒక జబ్బుమనిషి మీద, ఏడుస్తున్న ఆ మనిషి భార్య మీద ప్రయోగించారు. నాన్న మొత్తం పుస్తకం తెరిపించాడు, తెరిచేసరికి అది ఆయన పక్కన నిలబడింది. లేఖనాల అధికారం గురించి నేను చెప్పదలచుకున్నది ఇదే: చదివి వినిపించేవాళ్లు దాన్ని తమకు లోబరుచుకుని వాడుకుంటే అది అధికారమే కాదు. ఆ చదివేవాళ్లను కూడా నిలదీయగలిగినప్పుడే దానికి అధికారం ఉన్నట్టు.

దీనికి చరిత్రలో ఒక సాక్ష్యం ఉంది, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది. బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల్లోని నల్లజాతి బానిసల కోసం ఎంపిక చేసిన భాగాలని దాని మీదే రాసుంది. మామూలు ప్రొటెస్టెంటు బైబిల్లో 1,189 అధ్యాయాలుంటే అందులో ఉన్నవి 232. ఐగుప్తు దాస్యం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడిన కథ తీసేశారు. "దాసుడని స్వతంత్రుడని లేదు" అనే గలతీ పత్రిక మాట తీసేశారు. ప్రకటన గ్రంథం మొత్తం తీసేశారు. యజమానులకు లోబడమని ఎఫెసీ పత్రిక దాసులతో చెప్పే మాట మాత్రం ఉంచారు.

ఆ కత్తెర పట్టుకున్నవాళ్లు బైబిలును తేలిగ్గా తీసుకున్నారని నేననుకోను. నిర్గమకాండం ఒక బానిస చేతికి చేరితే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు, అందుకే కత్తిరించారు. ఒక వచనాన్ని చుట్టుపక్కల నుంచి విడదీసి మా అమ్మ మీద వేసిన ఆ సాయంత్రం కూడా జరిగింది అలాంటి కత్తిరింపే. కాగితం చిరగలేదు, అంతే తేడా.

ప్రొటెస్టెంటు సంస్కరణ కాలం గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు 1521లో జర్మనీలోని వర్మ్స్ సభలో మార్టిన్ లూథర్ నిలబడిన తీరు చెబుతారు. పోపులూ సభలూ పొరపాటు పడ్డాయి, లేఖనం చూపించి ఒప్పిస్తే తప్ప వెనక్కి తగ్గనని ఆయన అన్నమాట చెబుతారు. చెప్పాల్సిందే. కానీ దానికి నాలుగేళ్ల తర్వాత మెమ్మింగెన్‌లో జర్మనీ రైతులు రాసుకున్న పన్నెండు డిమాండ్ల గురించి మన ప్రసంగాల్లో నేను ఎప్పుడూ వినలేదు. క్రీస్తు తన రక్తంతో అందరినీ కొన్నాడు కాబట్టి మేం ఎవరి సొత్తూ కాదని అందులో రాశారు. చివరి అంశంలో, వీటిలో ఏదైనా లేఖనానికి విరుద్ధమని లేఖనం నుంచే చూపిస్తే దాన్ని వదులుకుంటామని కూడా రాశారు. వర్మ్స్‌లో లూథర్ అడిగిందే వాళ్లూ అడిగారు. తిరుగుబాటు హింసాత్మకమయ్యాక, ఆ రైతులను నరికెయ్యమని ప్రభువులను పురిగొల్పుతూ అదే లూథర్ కరపత్రం రాశాడు. వేల మంది చచ్చిపోయారు. లూథర్‌ను నేను గౌరవిస్తాను, మా సంఘాల పునాదుల్లో ఆయన ఉన్నాడు. అయినా ఆ సంవత్సరం లేఖనం అధికారానికి తలవంచింది ఆయన కాదు, ఆ రైతులే అని నా నమ్మకం.

ఇప్పుడు నిత్యజీవం సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు గొడవ అక్కడే ఉంది. యోహాను సువార్త ఐదో అధ్యాయంలో యేసు యూదు పెద్దలతో అన్న మాట: "లేఖనములయందు మీకు నిత్యజీవము కలదని తలంచుచు వాటిని పరిశోధించుచున్నారు, అవే నన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నవి. అయితే మీకు జీవము కలుగునట్లు మీరు నాయొద్దకు రానొల్లరు."

మన వేదికల మీద ఈ వచనం సగమే వినిపిస్తుంది. "లేఖనములను పరిశోధించుడి" అని ఒక ఆజ్ఞలా చెబుతారు. గ్రీకులో ఆ క్రియారూపాన్ని ఆజ్ఞగానూ చదవొచ్చు, జరుగుతున్న పనిగానూ చదవొచ్చు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిలు ఆజ్ఞగా తీసుకుంది. మన తెలుగు బైబిలు "పరిశోధించుచున్నారు" అంది. తర్వాతి వాక్యంలో "రానొల్లరు" అని ఉంది కాబట్టి తెలుగే సరైందని నాకనిపిస్తుంది. ఆయన వాళ్లకు పని అప్పజెప్పడం లేదు. వాళ్లు అప్పటికే చేస్తున్న పని ఎక్కడ ఆగిపోయిందో చూపిస్తున్నాడు.

ఎక్కడ ఆగిందో తెలియాలంటే అధ్యాయం మొదటికి వెళ్లాలి. యెరూషలేములో బేతెస్ద కోనేరు, ఐదు మంటపాలు. ముప్పై ఎనిమిదేళ్లుగా జబ్బుతో పడి ఉన్న మనిషి. యేసు లేవమంటే లేచాడు, పరుపెత్తుకుని నడిచాడు. అది విశ్రాంతి దినం. పెద్దలు అతన్ని చూసి, నువ్వు పరుపు మొయ్యకూడదన్నారు. వాళ్లు గాల్లోంచి మాట్లాడలేదు. విశ్రాంతి దినాన బరువులు మొయ్యొద్దని యిర్మీయా పదిహేడో అధ్యాయంలో ఉంది. వచనం వాళ్లకు కంఠతా వచ్చు. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత సొంత కాళ్ల మీద నడుస్తున్న మనిషి ఎదురుగా వస్తే, వాళ్ల కళ్లు పరుపు మీద పడ్డాయి. నిన్ను బాగుచేసిందెవరని అడగలేదు, పరుపెత్తుకోమన్నదెవరని అడిగారు.

దీన్ని యూదుల మీద రాయిగా వాడేవాళ్లంటే నాకు బాధ. ఆ లేఖనాలను ప్రాణం పెట్టి కాపాడి మన చేతికి అందించింది వాళ్లే. తోరా మాటలు సంపాదించుకున్నవాడు రాబోయే లోకపు జీవాన్ని సంపాదించుకున్నట్టే అని యూదు బోధకుడు హిల్లేలు చెప్పినట్టు, యూదుల పాత బోధల సంకలనమైన మిష్నాలో ఉంది. దేవుని మాటను అంతగా ప్రేమించినవాళ్ల నోట వచ్చిన మాట అది. దాన్ని చులకన చేసే అర్హత, బైబిలు కవరు మీద దుమ్ము దులిపి ఆదివారం మాత్రమే తెరిచే నాలాంటివాడికి లేదు. యేసు కూడా లేఖనాలు తప్పని అనలేదు. అవి సాక్షులు అన్నాడు.

సాక్షి అనే మాట దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. కోర్టులో సాక్షి లేకపోతే ఏం జరిగిందో మనకు తెలిసే దారి లేదు. సాక్షి మాటను పక్కనపెట్టి, నాకు లోపల ఇలా అనిపిస్తోందని తీర్పు చెప్పేవాణ్ణి ఎవరూ నమ్మరు. అలాగని సాక్షిని ఇంట్లో పెట్టుకుని దండ వేసినా ప్రయోజనం లేదు, ఆయన ఎవరి గురించి చెబుతున్నాడో వినాలి. లేఖనానికి ఉన్న అధికారం అలాంటిదని నేను నమ్ముతున్నాను. అది క్రీస్తు గురించి చెప్పే మాటలో కట్టుబడి తీరాల్సిన అధికారం. అదే సమయంలో అది మనల్ని తన దగ్గరే ఆపేసుకోదు. దిండు కింద బైబిలు పెట్టుకుంటే పీడకలలు రావని పడుకోవడం, ఆటో వెనక వచనం రాయించుకుంటే యాక్సిడెంట్ కాదనుకోవడం, ప్రేమతో చేసే పనులే. కానీ అక్కడే ఆగిపోతే బేతెస్ద దగ్గర పెద్దలు ఆగిన చోటే ఆగినట్టు. ఇంకో వైపు, "దేవుడు నాతో నేరుగా మాట్లాడాడు" అనే ఒక్క మాటతో లేఖనాన్ని దాటేసేవాళ్లున్నారు. వాళ్లను ప్రశ్నిస్తే "నేనభిషేకించినవారిని ముట్టకూడదు" అనే కీర్తన వచనం అడ్డం పెడతారు. ఆ కీర్తనలో దేవుడు ఆ మాట అన్నది దేశం నుంచి దేశానికి తిరుగుతున్న, గుప్పెడు మంది పరదేశుల పక్షాన, రాజులతో. వేదిక మీద ఉన్నవాళ్లను సంఘం ప్రశ్నించకూడదని కాదు. బెరయ పట్టణంవాళ్లు సాక్షాత్తూ పౌలు చెప్పిన మాటనే ప్రతిరోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు. అందుకు వాళ్లను ఘనులని మెచ్చుకుంది లేఖనం.

మరి చదవడమే రానివాళ్ల సంగతేంటి? ఇది నాకు పుస్తకాల్లో పుట్టిన ప్రశ్న కాదు. మా నాయనమ్మకు అక్షరం రాదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు తర్వాత, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు, బడి గడప తొక్కనివ్వని జనం. గంజి కోసం చేరారని అప్పట్లో అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర కరువు నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడన్న సంగతి మాత్రం ఆ అనేవాళ్లు చెప్పరు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో, యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన నమ్మి, ఊరూరా తిరిగి తను విన్నది చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఏట్లో దిగినవాళ్లలో చాలామంది లేఖనాన్ని కళ్లతో చూడలేదు, చెవులతో విన్నారు. విశ్వాసం వినడం వల్ల కలుగుతుందని రోమీయులకు రాసిన మాట వాళ్ల విషయంలో అక్షరాలా నిజం. నిత్యజీవం చదువుకున్నవాళ్ల ఆస్తి అయితే గుండ్లకమ్మలో ఎవరికీ దక్కకూడదు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. విన్నవాళ్లు తమ పిల్లలను చదివించాలని పట్టుబట్టారు. మా నాయనమ్మ నన్ను ఆరో ఏటి నుంచే రోజూ రాత్రి లాంతరు దగ్గర కూర్చోబెట్టి యోహాను సువార్త చదివించుకునేది. నేను ఒక ముక్క వదిలేస్తే టక్కున పట్టేది, "అక్కడ ఇంకో మాట ఉండాలయ్యా" అని. పుస్తకం నా చేతిలో ఉన్నా అధికారం నాకు లేదు, ఆమెకూ లేదు. ఇద్దరికీ పైన ఆ మాటే ఉంది. నాన్న ఆ రాత్రి "అధ్యాయం మొత్తం చదువు" అనడం ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు.

నా కతోలిక్ మిత్రుడొకరు ఈ మాటలన్నీ విని ఒక ప్రశ్న అడుగుతాడు. కొత్త నిబంధనలో ఈ 27 పుస్తకాలే ఉండాలని ఎవరు తేల్చారు, సంఘం కాదా? అతని ప్రశ్నలో బలం ఉంది. ఇప్పుడున్న ఆ 27 పేర్లే జాబితాగా మొదట కనిపించేది క్రీ.శ. 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన పండుగ లేఖలో. కతోలిక్ సంఘపు అధికారం కదిలించకపోతే నేను సువార్తను నమ్మేవాణ్ణి కాదని అగస్టీన్ అంతటివాడే రాశాడు. 1546లో కతోలిక్కుల ట్రెంట్ సభ లేఖనాన్నీ సంప్రదాయాన్నీ ఒకే భక్తితో స్వీకరించమంది. నేను ట్రెంట్ దాకా వెళ్లలేను. తల్లి తన బిడ్డ గొంతు గుర్తుపట్టినంత మాత్రాన ఆ గొంతును ఆమె తయారు చేసినట్టు కాదు, సంఘం కూడా ఈ పుస్తకాల్లో తన కాపరి స్వరాన్ని గుర్తుపట్టిందని నేనంటాను. కానీ ఒకటి ఒప్పుకుంటాను: ఒంటరిగా చదివితే నేను కూడా వచనాలు కత్తిరిస్తాను, నాకు నచ్చినవి ఉంచుకుంటాను. రథంలో కూర్చుని యెషయా చదువుతున్న ఇతియోపీయుడికి ఫిలిప్పు కావలసి వచ్చాడు. నాకు నాన్న కావలసి వచ్చాడు.

ఇంకో ప్రశ్న ఆఫీసులో ఒక స్నేహితుడిది. బైబిలు నిజమని బైబిలే చెబితే ఎలా నమ్ముతావని. దీనికి నేను కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయం చూపిస్తాను. సిలువ జరిగి పాతికేళ్లయినా కాకముందు రాసిన ఉత్తరమది. "క్రీస్తు లేపబడనియెడల మీ విశ్వాసము వ్యర్థమే" అని పౌలు తన మొత్తం ప్రకటనను ఒక్క సంఘటన మీద పెట్టేశాడు. లేచిన ఆయన్ను చూసినవాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాశాడు. వెళ్లి అడగండి అన్నట్టే. నన్ను గుడ్డిగా నమ్మమని ఏ మోసగాడైనా అంటాడు, ఇది జరగకపోతే నా మాటంతా పారెయ్యండి అనడు. ఇదొక్కటే అతన్ని ఒప్పిస్తుందని కాదు. నన్ను నిలబెట్టింది మాత్రం ఇదే.

ఎందుకంటే నాన్న పోయాక నాకు మిగిలిన ప్రశ్న అదొక్కటే. "ఎరుగుటయే నిత్యజీవము" అని యోహాను 17లో యేసు తండ్రితో అంటాడు. అద్వితీయ సత్యదేవుణ్ణి, ఆయన పంపిన క్రీస్తును ఎరగడం. అంటే చచ్చిపోయాక మొదలయ్యే అంతులేని కాలం లెక్క కాదది, ఇప్పుడే మొదలయ్యే ఒక సంబంధం. నాన్న చివరి నెలల్లో డయాలసిస్ కుర్చీలో పడుకుని, పక్క కుర్చీలోని పేషెంట్ల పేర్లు అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చాక ఆ పేర్లతో ప్రార్థన చేసేవాడు. తన రోగం గురించి అడగడం దాదాపు మానేశాడు. బాగుపడలేదు కాబట్టి ఆయన నమ్మకం ఓడిపోయిందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆ కుర్చీ పక్కన కూర్చున్నవాణ్ణి నేను.

మొన్న డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరిలాగే అమ్మ కూడా కొత్త సంవత్సరానికి ఒక వచనం రాసి ఉండే వాగ్దాన కార్డు తీసుకుంది. యిర్మీయా 29:11 వచ్చింది, "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అనే మాట. ఇంటికొచ్చి కార్డును ఫ్రిజ్ మీద పెట్టకుండా నా చేతికిచ్చింది. "మొదటి నుంచి చదువు" అంది. రాత్రి ఒంటిగంట దాటింది. బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం చదివాను. ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటమని, పిల్లలను కనమని ఉంది. పదో వచనంలో డెబ్బై ఏళ్లని వచ్చేసరికి అమ్మ ఆపింది.

"డెబ్బై ఏళ్లంటే, ఆ ఉత్తరం విన్న పెద్దోళ్లెవరూ ఇంటికి తిరిగి రాలేదన్నమాట."

"రాలేదమ్మా."

"వాళ్లకీ నిరీక్షణ అనే రాశాడు దేవుడు."

"అవును."

కాసేపు కార్డు వైపే చూసింది. "మీ నాన్న ఉంటే త్రోఫిము సంగతి చెప్పేవాడు" అంది. తర్వాత దుప్పటి కాళ్ల మీదికి లాక్కుని, "ఆగావేం, చదువయ్యా" అంది.